పాత మారుతీకి టైము ఎక్కడ పోతోంది

(తణుకు దగ్గర ఒక రైస్‌మిల్లు ఆవరణలో, ఆదివారం ఉదయం ఆటోక్రాస్ ప్రాక్టీసు మొదలయ్యే ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరూ కాస్త దగ్గరికి రండి, ఆ గోడ నీడలోకి. ఎనిమిది దాటితే ఈ సిమెంటు మీద నిలబడలేం. ముందుగా ఈ కళ్లం మనకి ఇచ్చిన మిల్లు యజమానిగారికి నమస్కారం. దాళ్వా ధాన్యం ఆరబోసి, ఎత్తేసి, కళ్లం ఖాళీ అయ్యాక ఈ రెండు మూడు ఆదివారాలు మనకి ఇస్తున్నారు. ఇచ్చేటప్పుడు ఆయన అడిగింది ఒకటే మాట, సిమెంటు మీద ఆయిలు చుక్క పడకూడదు అని. రేపు దీనిమీద జనం తినే ధాన్యం పోస్తారు కదండీ. అందుకని ఎవరి బండి కింద అయినా తడి కనిపిస్తే సిగ్గుపడకుండా ఇప్పుడే చెప్పండి, ఈ రోజుకి ఆ బండి పక్కన పెడదాం, మీరు మా ఎవరి బండిలోనైనా నడుపుదురుగాని.

కొత్తగా వచ్చిన వాళ్లకోసం రెండు ముక్కలు. ఆటోక్రాస్ అంటే ఖాళీ స్థలంలో కోన్లు పెట్టి దారి ఏర్పాటు చేస్తాం, ఒక్కో బండి విడిగా వెళ్తుంది, పోటీ గడియారంతోనే. పక్కన ఇంకో కారు రాసుకుంటూ రావడం ఉండదు. అమెరికాలో ఇది పెద్ద పెద్ద పార్కింగు స్థలాల్లో, వాడకంలో లేని రన్‌వేల మీద జరుగుతుంది, అక్కడి మోటారు క్రీడల సంస్థ ఎస్.సి.సి.ఎ. దీన్ని సోలో అంటుంది, కోన్ పడగొడితే ఒక్కోదానికి 2 సెకన్లు టైముకి కలిపేస్తారు. మన దేశంలో ఆటోక్రాస్ ఎక్కువగా మట్టి మీద పెడతారు, గుర్తింపు ఉన్న పోటీలో దిగాలంటే మన దేశంలో మోటారు క్రీడలు చూసుకునే ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. సంఘం లైసెన్సు కావాలి. మనం సిమెంటు మీద నేర్చుకుంటున్నాం, ఎందుకంటే ఈ డెల్టాలో మనకి దొరికే గట్టి, వెడల్పాటి నేల ఇదే. మిగతాదంతా వరిచేను, చేపల చెరువు, కొబ్బరితోట, లేదంటే కాలువ.

సరే, అసలు విషయానికి వస్తాను. ఇక్కడున్న బండ్లలో సగానికి పైగా మారుతీ 800లే. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన బండి, 2014 జనవరిలో తయారీ ఆపేశారు. 796 సీసీ, 3 సిలిండర్లు, కార్బురేటర్ మోడల్ అయితే 37 హార్స్‌పవర్, బరువు రమారమి 650 కిలోలు. ఫార్ములా మారుతి అని రేసు కార్లు ఉండేవి, వాటిల్లో ఉన్నది ఈ 800 ఇంజినే, మన దేశంలో ఎంతోమంది రేసర్లు దానిమీదే చెయ్యి తిప్పుకున్నారు. కాబట్టి పాత బండి, చిన్న బండి అని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. నాది 1999 మోడల్, మా నాన్నగారు కొన్నది. 15 ఏళ్లు నిండాక ఆర్.సి. రెన్యువల్ చేయించుకుంటూ ఇప్పటికీ దాన్నే నడుపుతున్నాను.

నేను స్పేర్ పార్టుల కొట్టు నడుపుతాను, కాబట్టి వస్తువు తెలుసు, ధర తెలుసు. అయినా మొదట్లో పెద్ద తప్పు చేశాను, అది మీకు చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను. ఆటోక్రాస్‌లో టైము తగ్గాలంటే ఇంజిన్‌కి పికప్ పెంచాలి అనుకున్నాను. ఇంజిన్ దింపించి బోరింగు చేయించాను, హెడ్డు పని చేయించాను, సైలెన్సర్ మార్పించాను, 60 వేలు దాటింది. శబ్దం మారింది, రోడ్డు మీద లాగుడు కూడా కొంచెం తెలిసింది. తీసుకొచ్చి ఇదే కళ్లంలో, అదే కోర్సు మీద నడిపితే ముందు 61 సెకన్లు వచ్చేది, తర్వాత కూడా 61 సెకన్లే వచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదండి. మా అమ్మాయి లోపల కూర్చుని ఫోన్‌తో తీసిన వీడియో ఉంటే దాన్ని ఆపుతూ ఆపుతూ చూశాను, ఈ 61 సెకన్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచింది ఎంతసేపు అని. 14 సెకన్లు. మిగతా 47 సెకన్లు నేను బ్రేకు మీద ఉన్నాను, మలుపులో ఉన్నాను, లేదా తర్వాత ఎటు తిరగాలో తోచక కాలు తేల్చేసి ఉన్నాను. నేను పెట్టిన 60 వేలూ ఆ 14 సెకన్ల కోసం. మిగతా 47 సెకన్ల కోసం రూపాయి పెట్టలేదు, ఒక్క పూట ఆలోచించలేదు.

మీరు కూడా ఈ లెక్క వేయండి. ఫోన్ ఒకటి చాలు. పక్కవాళ్లు పట్టుకోవద్దు, గట్టిగా బిగించండి, మీ కాళ్లు కనపడేలా. ఇంటికెళ్లాక చూసుకుని రాసుకోండి.

ఆ 47 సెకన్లలో బండికి పనికొచ్చేది మొట్టమొదట టైరు. 800కి 12 అంగుళాల చక్రం, 145 మిల్లీమీటర్ల వెడల్పు టైరు. ఒక్కో టైరు నేలని పట్టుకునే చోటు దాదాపు మన అరచెయ్యంత ఉంటుంది, అంతే. బ్రేకు వేసినా, తిప్పినా, లాగినా ఆ నాలుగు అరచేతులే పట్టుకోవాలి. ఇక్కడ నాకు జరిగినదొకటి చెబుతాను. వేరే ఊళ్లో ఒక కొట్లో కొత్త టైర్లని చెప్పి ఇచ్చారు, పైన ఆ రబ్బరు వెంట్రుకలు కూడా అలాగే ఉన్నాయి, మెరుస్తున్నాయి. బిగించాక కోన్ల మధ్య పట్టు లేదు, మలుపులో కీచుమంటూ జారిపోతోంది. కూర్చుని పక్కన రాసిన అంకెలు చదివితే అప్పుడు తెలిసింది. టైరు పక్కగోడ మీద డి.ఓ.టి. అని ఉండి, చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3114 అని ఉంటే 2014లో 31వ వారం తయారైందని. నేను కొన్నవి అమ్మిన రోజుకే నాలుగేళ్లు దాటినవి. గీతలు లోతుగా ఉంటే సరిపోదండి, రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, మన ఎండకి ఇంకా. బొటనవేలి గోరుతో నొక్కండి, కాస్త దిగితే ప్రాణం ఉన్నట్టు, ప్లాస్టిక్ బకెట్టు మీద నొక్కినట్టు ఉంటే ఆ టైరుతో మీరు ఎంత నేర్చుకున్నా టైము రాదు. కొనేముందు కొట్లోనే వంగి ఆ అంకెలు చదవండి, మొహమాటపడకండి. నా కొట్లో కూడా చదవండి.

తర్వాత గాలి. దీనికి ఖర్చు లేదు, అందుకే జనం పట్టించుకోరు. సొంతంగా గాలి కొలిచే గేజ్ ఒకటి కొనుక్కోండి, బంకుకో లెక్క చూపిస్తుంది కాబట్టి బంకు గేజ్‌ని నమ్ముకుని నోట్‌బుక్ రాయలేం. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు కొలవండి, రెండు రన్నులు అయ్యాక మళ్లీ కొలవండి, వేడికి లోపల గాలి వ్యాకోచించి అంకె పెరుగుతుంది. ఎంత పెట్టాలి అంటే, కారు పుస్తకంలో ఉన్న అంకె దగ్గర మొదలుపెట్టి రెండేసి పాయింట్లు, అంటే గేజ్ మీద పి.ఎస్.ఐ. అంకెలు, పెంచుతూ చూడాలి. ఎలా చూడాలి? సుద్దముక్కతో టైరు నేలని తాకే అంచు మీదుగా పక్కగోడ మీదికి అడ్డంగా ఒక గీత గీయండి. ఒక రన్ను నడిపి రండి. సుద్ద పక్కగోడ మీద కూడా అరిగిపోయి ఉంటే మలుపులో టైరు ఒరిగిపోయి పక్కగోడ మీద నడుస్తోందన్నమాట, గాలి చాలలేదు. సుద్ద అంచు వరకు కూడా అరక్కుండా పైనే మిగిలి ఉంటే గాలి ఎక్కువైంది, టైరు మధ్యలోనే నిలబడుతోంది. సరిగ్గా అంచు వరకు అరగాలి. నా బండికి ముందు 32, వెనక 36 దగ్గర కుదిరింది. వెనక ఎందుకు ఎక్కువ అంటే, ఈ బండి ముందు చక్రాలతో లాగే బండి, ఇంజిన్ బరువంతా ముందే, కాబట్టి దానికి తిరగడమే కష్టం, వెనక పట్టు కొంచెం తగ్గిస్తే వెనక భాగం కాస్త జరిగి బండి తిరగడానికి సాయం చేస్తుంది. కొత్తవాళ్లు మాత్రం మొదటి నెల ముందూ వెనకా సమానంగా పెట్టుకుని నేర్చుకోండి. టైరు మీద రాసి ఉన్న గరిష్ఠ అంకె దాటవద్దు, ఇంటికి వెళ్లేటప్పుడు పుస్తకంలో అంకెకి దించేసి వెళ్లండి.

ఇక బండి ఆరోగ్యం. పాతికేళ్ల బండిలో రబ్బరు అన్న ప్రతిదీ పోయి ఉంటుంది అనుకునే మొదలుపెట్టండి. లోయర్ ఆర్మ్ బుష్షులు, స్టెబిలైజర్ బుష్షులు, అంటే చక్రాల్ని బాడీకి కలిపే ఇనుప చేతుల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు, ఇంజిన్ మౌంటింగులు. స్టీరింగ్ తిప్పిన తర్వాత ఒక క్షణం ఆగి బండి తిరుగుతోందంటే ఆ క్షణమంతా బుష్షులు నలగడానికే పోతోంది. అర నిమిషంలో ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పే ఆటలో ఆ క్షణాలన్నీ కలుపుకోండి. జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, ఊగితే బేరింగు గానీ బాల్ జాయింటు గానీ పోయినట్టు. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే ఊగుతోందా, టై రాడ్ ఎండ్ చూసుకోండి. షాక్ అబ్జార్బర్ సంగతి మీకు తెలుసు, బానెట్ మూల గట్టిగా నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగాలి, ఊగుతూ ఉండకూడదు. ఇవన్నీ అయ్యాకే అలైన్‌మెంటు. వదులు బండికి అలైన్‌మెంటు చేయించడం డబ్బు పారేయడమే.

మన ప్రాంతం వాళ్లకి ఇంకోటి తుప్పు. నరసాపురం, అంతర్వేది, కాకినాడ వైపు నుంచి వచ్చిన బండి అయితే ఉప్పుగాలి తిని ఉంటుంది. బానెట్ ఎత్తి, షాక్ అబ్జార్బర్ పైభాగం బిగించే చోటు ఉంటుంది చూడండి, గుండ్రటి పళ్లెంలా, అక్కడ స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు శబ్దం రావాలి. మెత్తగా వినిపించినా, పెచ్చులు ఊడినా, వెల్డింగ్ చేయించేదాకా ఆ బండి కోన్ల మధ్యకి రాకూడదు. ఈ విషయంలో నేను ఎవరిమాటా వినను.

బ్రేక్ ఆయిల్. దీన్ని ఎవరూ మార్చరు, తగ్గితే పోస్తారంతే. ఆ ఆయిలుకి గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది, మన డెల్టాలో గాలి అంటేనే తేమ. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలు తట్టుకోవాలి, తేమ పట్టాక 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. వరసగా నాలుగైదు రన్నులు గట్టిగా బ్రేకు వేస్తే ఆ తేమే మరిగి ఆవిరి అవుతుంది, ఆవిరి నొక్కితే నలుగుతుంది కాబట్టి పెడల్ మెత్తగా కిందికి వెళ్లిపోతుంది, బండి ఆగదు. అందరూ రెండేళ్లకి మార్చమంటారు, ఇక్కడ మనం ఏడాదికోసారి మారుద్దాం అంటాను. రేడియేటర్‌లో బోరు నీళ్లు, కాలువ నీళ్లు పోసేవాళ్లు కూడా ఆపేయండి, కూలెంట్ పోయండి, లోపల సున్నపు పొర కట్టిన రేడియేటర్ మే నెలలో మన రాజమండ్రి ఎండకి నిలవదు.

బరువు గురించి ఎక్కువ చెప్పను. స్టెప్నీ, జాకీ, స్పానర్ సంచి, వెనక అద్దం కింద స్పీకర్లు, అన్నీ తీసి ఆ షెడ్డులో పెట్టండి. కాళ్ల కింద మ్యాట్లు తప్పకుండా తీయాలి, అవి పెడల్ కిందికి జారతాయి. పెట్రోలు 10 లీటర్లు అంటే ఏడున్నర కిలోలు, ఫుల్ ట్యాంకుతో రావద్దు, అలాగని రిజర్వులో కూడా రావద్దు, మలుపులో పెట్రోలు ఒక పక్కకి పోయి ఇంజిన్‌కి అందదు.

ఇప్పుడు నడపడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, కొంచెం ఎక్కువసేపు చెబితే ఓపిక పట్టండి.

ఇక్కడ జగ్గన్నతోట తీర్థంలో ప్రభ మోసిన వాళ్లు ఎవరన్నా ఉన్నారా? ఉన్నారు, చెయ్యెత్తారు, మంచిది. కనుమ రోజు ఆ ప్రభని భుజాల మీద పెట్టుకుని, చేలల్లోంచి, కౌశిక కాలువ నీళ్లలోంచి దాటిస్తారు. దేవుణ్ని నిలిపి అలంకరించిన ఎత్తైన చట్రం అది. ముందున్న వాళ్లు గబుక్కున ఆగితే ఏమవుతుంది? ప్రభ ముందుకి ఒరుగుతుంది, ముందువాళ్ల భుజాలు కుంగుతాయి, వెనకవాళ్ల భుజాల మీద బరువు తేలిపోతుంది. బ్రేకు తొక్కినప్పుడు మీ కారులో జరిగేది అచ్చంగా అదే. బరువు ముందు టైర్ల మీదికి వస్తుంది, అప్పుడు వాటికి పట్టు పెరుగుతుంది. వెనక టైర్లు తేలికపడతాయి. యాక్సిలరేటర్ తొక్కితే దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది, బరువు వెనక్కి పోతుంది, ముందు టైర్లు, అంటే మనల్ని తిప్పాల్సిన టైర్లు, పట్టు కోల్పోతాయి. ఎడమకి తిప్పితే బరువు కుడికి. ప్రభ మోసేవాళ్లు అడుగు కలుపుకుని మెల్లగా మలుపు తిప్పుతారు చూశారా, అలాగ కాళ్లూ చేతులూ కదలాలి. త్వరగా కదిలించండి, కుదుపు మాత్రం వద్దు.

మన బండ్లతో అందరికీ వచ్చే ఇబ్బంది, స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతూ ఉంటుంది. అప్పుడు భయపడి ఇంకా తిప్పుతారు. ముందు టైరు ఇప్పటికే జారుతోంది, దాన్ని ఇంకా అడ్డంగా పెడితే ఇంకా జారుతుంది. అప్పుడు చేయాల్సింది, స్టీరింగ్ కొంచెం వెనక్కి విప్పడం, యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేల్చడం. బరువు ముందుకొస్తుంది, టైరు పట్టుకుంటుంది, బండి తిరుగుతుంది. వినడానికి తేలికే, చేతులు ఒప్పుకోవు. నా చేతులు ఒప్పుకోవడానికి ఒక వేసవి పట్టింది.

మలుపు లెక్క చెబుతాను, లెక్కలంటే భయపడకండి. టైరు పట్టు 0.8, అంటే దానిమీదున్న బరువులో 80 శాతం, అనుకుందాం, శుభ్రమైన పొడి నేల మీద మామూలు టైరుకి ఆ మాత్రం ఉంటుంది. 10 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో మీరు గరిష్ఠంగా గంటకి 32 కిలోమీటర్ల వేగంతో తిరగగలరు. 12 మీటర్లకి వెడల్పు చేసుకుంటే 35. అందుకే మలుపుని వెడల్పుగా తీసుకోమని అందరూ చెబుతారు, బయటి అంచు నుంచి మొదలై, లోపలి కోన్‌ని తాకుతున్నట్టు వచ్చి, మళ్లీ బయటికి. నిజమే, 90 డిగ్రీల మలుపుకి అది సరిపోతుంది. కానీ ఒక్క కోన్ చుట్టూ తిరిగి వెనక్కి వచ్చే మలుపు ఉంటుంది చూశారా, అక్కడ ఈ సలహా తప్పవుతుంది. 10 మీటర్ల వ్యాసార్ధంతో అర్ధచక్రం తిరిగితే దాదాపు 31 మీటర్ల దారి, 3.5 సెకన్లు. 6 మీటర్లతో బిగువుగా తిరిగితే వేగం 25కి పడిపోతుంది, కానీ దారి 19 మీటర్లే, 2.7 సెకన్లు. వేగం తక్కువ, టైమూ తక్కువ! ఈ సంగతి నాకు అర్థమైన రోజు చాలా సంతోషించాను, అన్నాళ్లూ అక్కడ పెద్ద చుట్టు చుట్టి వస్తున్నాను.

అయితే అక్కడితో అయిపోలేదు. మలుపులోంచి 25తో బయటపడ్డ బండి మళ్లీ 32కి చేరాలి కదా, మనకి ఉన్నది 37 హార్స్‌పవర్. పెద్ద ఇంజిన్ ఉన్నవాడు ఆ పోయిన వేగాన్ని కాలు నొక్కి తెచ్చుకుంటాడు, మనకి అది ఆలస్యంగా వస్తుంది. అందుకని ఆ కోన్ తర్వాత పొడుగు దారి ఉంటే కొంచెం వెడల్పుగా తిరిగి వేగం నిలుపుకోండి, ఆ కోన్ అవ్వగానే ఇంకో మలుపు ఉంటే బిగువుగా తిరగండి. రెండూ చేసి టైము పట్టి చూడండి. ఈ రోజు కోర్సులో 9వ కోన్ అందుకోసమే పెట్టాను.

స్లాలం, అదే వరసగా ఉన్న కోన్ల మధ్య పాములా వెళ్లేది. అక్కడ కోన్ పడగొట్టేది ముందు చక్రం కాదు, వెనక చక్రం. వెనక చక్రం ఎప్పుడూ ముందు చక్రం కన్నా లోపలగా వస్తుంది. ముందు చక్రం కోన్ దాటింది కదా అని వెంటనే తిప్పేస్తే వెనక చక్రం కొడుతుంది. కోన్‌కి ముందే తిరుగుడు పని పూర్తయి, కోన్ పక్కకి వచ్చేసరికి మీరు అప్పటికే తర్వాతి వైపుకి స్టీరింగ్ మారుస్తూ ఉండాలి. మొదటి కోన్ దగ్గర ఆలస్యమైతే ఆ ఆలస్యం అయిదో కోన్‌కి ఇంకా పెరుగుతుంది, ఎక్కడా తగ్గదు.

చివరిగా కళ్లు. ఇది రాస్తే ఒక్క వాక్యం, నేర్చుకోవడానికి ఏళ్లు. మీరు దాటుతున్న కోన్‌ని చూడకండి, దాని తర్వాతి కోన్‌ని, వీలైతే ఆ తర్వాతిదాన్ని చూడండి. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. ముందున్న కోన్‌నే చూస్తూ ఉంటే ప్రతి కోన్ దగ్గరా ఆశ్చర్యపోతూ ఉంటారు. సన్నటి గట్టు మీద సైకిలు తొక్కేటప్పుడు ముందు చక్రం కేసి చూస్తే బోదెలో పడతాం, దూరంగా చూస్తే తిన్నగా పోతాం, చిన్నప్పుడు మనందరికీ తెలిసిన విద్యే ఇది. నా టైము 61 నుంచి 58కి వచ్చింది టైర్ల వల్ల, బుష్షుల వల్ల. 58 నుంచి 55కి వచ్చింది మాత్రం కళ్ల వల్లే.

గేర్ల సంగతి ఏమీ లేదు, బయలుదేరి వెంటనే సెకండ్‌కి వచ్చి అందులోనే ఉండండి. హ్యాండ్ బ్రేకు లాగి తిప్పడం ఈ రోజు ఎవరూ చేయొద్దు.

సరే, ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక విద్యార్థి: బాబాయ్‌గారూ, మా ముగ్గురి దగ్గరా కలిపి 15 వేలు ఉన్నాయండి. ఎందులో పెట్టమంటారు?)

ముగ్గురికీ ఒకే బండా? మంచి పని. ముందు బ్రేకులు, ప్యాడ్లు, ఆయిలు, వెనక డ్రమ్ములు శుభ్రం చేయించడం, ఇది తప్పదు. తర్వాత పోయిన బుష్షులు, బాల్ జాయింట్లు ఉంటే అవి. మిగిలినది మంచి హెల్మెట్‌కి. టైర్లు ఇంకో రెండు నెలలు దాచుకుని నాలుగూ ఒకటే రకం కొనండి, రెండు కొత్తవి రెండు పాతవి వేస్తే బండి ఒక్కో మలుపులో ఒక్కోలా ఉంటుంది, నేర్చుకోవడం కుదరదు. ముగ్గురున్నారు కదా, ఒకరు నడుపుతుంటే ఒకరు టైము పట్టండి, ఒకరు గాలి నోట్‌బుక్ రాయండి. ఇంజిన్ జోలికి ఈ ఏడాది వెళ్లొద్దు. టాపెట్లు, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ శుభ్రం, అంతవరకే.

(ఒక మెకానిక్: అన్నా, మా బండి ఎడమ మలుపులో ఒక్క క్షణం ఇంజిన్ పోయినట్టయి మళ్లీ అందుకుంటోంది. కుడి మలుపులో రావట్లేదు.)

పెట్రోలు పంపు మార్చారా? మార్చినా తగ్గలేదు కదా. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మలుపులో ఒక పక్కకి ఒరిగిపోతోంది, జెట్ దగ్గర తగ్గుతోంది, అందుకే ఒక వైపే వస్తుంది. ఫ్లోట్ లెవెల్ చూడండి, తక్కువగా సెట్ అయి ఉంటుంది. నీడిల్ వాల్వ్ అరిగిందేమో అది కూడా. కొంచెం కొంచెంగా సరిచేసి చూడండి, మరీ పెంచితే పొంగుతుంది. ఇంజిన్ ఆయిలు కూడా గుర్తుల్లో పై గీత దగ్గర ఉంచండి, మలుపుల్లో అదీ ఇలాగే ఒరుగుతుంది.

(ఒక తల్లి: మా అబ్బాయి ఇక్కడికి వస్తానంటే పంపించానండి. కానీ ఇక్కడ నేర్చుకున్నది రోడ్డు మీద చేస్తాడేమోనని నాకు టెన్షన్‌గా ఉంటోంది.)

మీ భయం సరైనదేనమ్మా. దీనికి తొందరపడకుండా జవాబు చెబుతాను. మన ఊళ్ల రోడ్లు చాలావరకు కాలువ గట్ల మీద ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించి కాలువలు తవ్వించాక ఈ డెల్టా అంతా ఆ నీళ్ల మీదే బతికింది, ఆ కాలువల పక్కనే మన రోడ్లూ పెరిగాయి. ఒక పక్క నీళ్లు, ఒక పక్క చేను, చాలాచోట్ల మధ్యలో పిట్టగోడ కూడా ఉండదు. కాలువలో పడ్డ కారుని తాళ్లు కట్టి పైకి లాగుతుంటే నేను గట్టు మీద నిలబడి చూశాను. లోపల ఉన్నది మా కొట్టుకి వచ్చే కుర్రాడు. ఇంకేమీ చెప్పలేను దానిగురించి.

అందుకే ఈ కళ్లం కోసం మిల్లు వాళ్లని ఆరు నెలలు బతిమాలాను. వేగం కావాలనే కోరిక ఈ వయసులో ఉంటుంది, అది తప్పు కాదు, దానికి ఒక చోటు కావాలి. ఇక్కడ తప్పు చేస్తే కోన్ పడుతుంది, లేపి నిలబెడతాం. మా దగ్గర ఒక నియమం ఉంది, రోడ్డు మీద ఎవరన్నా వేగంగా నడిపినట్టు తెలిస్తే ఆ మనిషికి కళ్లం మూసేస్తాం, ఎంత బాగా నడిపినా సరే. ఇప్పటికి ఇద్దరిని పంపించేశాను, వాళ్లలో ఒకరు మా బంధువే. ఇంకో మాట, ఇక్కడ పదిసార్లు టైరు జారడం చూసినవాడికి రోడ్డు మీద వాన పడితే టైరు ఎంత తొందరగా జారుతుందో ముందే తెలుస్తుంది. మా అమ్మాయికి రోడ్డు మీద కారు ఇచ్చేముందు ఇక్కడే నేర్పించాను.

(మరొకరు: సైలెన్సర్ మార్పిస్తే ఇబ్బందా అండీ?)

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన రూపాన్ని మనం ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. నేను మార్పించినది తీసేసి పాతది బిగించాను. టైము ఏమీ పెరగలేదు.

ఇంక చాలు, ఎండ వచ్చేస్తోంది. కోర్సు నడుద్దాం, అందరూ రావాలి, నడవని వాళ్లకి రన్ను ఇవ్వను. ముందు ఆ చీపుళ్లు తీసుకోండి, ఊక, తవుడు మిగిలి ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది కాబట్టి దానిమీద టైరు ఆగదు, శుభ్రంగా ఊడవాలి. ప్రతి కోన్ చుట్టూ ముగ్గుపిండితో గడి గీశాం. కోన్ కదిలి గడి బయటికి పోయినా, పడిపోయినా 2 సెకన్లు. పక్కన పడుకోబెట్టిన కోన్ కొన నిలబెట్టిన కోన్ కేసి చూపిస్తుంది, పడుకోబెట్టిన కోన్ ఉన్న వైపు వదిలేసి నిలబెట్టిన కోన్‌కి రెండో వైపు నుంచి వెళ్లాలి. నడిచేటప్పుడు మూడుసార్లు నడవండి, మూడోసారి వంగి, కారు సీట్లో కూర్చున్న ఎత్తులో చూడండి, నిలబడి చూసినప్పుడు కనపడే దారి కూర్చుంటే కనపడదు. ఇంకోటి గుర్తుపెట్టుకోండి, వాన నీళ్లు పోవడానికి ఈ కళ్లానికి మధ్య నుంచి అంచులకి వాటం ఉంది. మలుపు బయటి పక్క కళ్లం అంచు వైపు ఉంటే బండి బయటికి జారుతుంది, బయటి పక్క కళ్లం మధ్య వైపు ఉంటే పట్టు ఎక్కువ ఉంటుంది. మూడో కోన్ దగ్గర అది బాగా తెలుస్తుంది, అక్కడ ఆగి చూపిస్తాను. చెప్పులు వేసుకోండి, పదండి.